పడవ ముక్కు ఎందుకు లేస్తుంది?



మొన్న రాత్రి బడిలో ఒక అక్క ఒక మాట అడిగింది. "శ్రీశైలం పోయినప్పుడు పాతాళగంగలో చిన్న మోటారు పడవ ఎక్కినా. వేగం పెంచగానే దాని ముక్కు పైకి లేచింది. గుండె జారిపోయింది. ఎందుకట్లా?" అని. మంచి ప్రశ్న. ఈరోజు దాని గురించే చెప్పుకుందాం.

మన ఎద్దులబండిని తలుచుకోండి. బరువంతా వెనక వేస్తే ఏమవుతుంది? కాడి పైకి లేస్తుంది. ఒక పక్కనే వేస్తే? బండి ఒరుగుతుంది. పడవా అంతే. చిన్న పడవలో మోటారు వెనకే ఉంటుంది. వేగం పెంచితే ముందు నీళ్లు గట్టులా లేస్తాయి. పడవ ఆ గట్టు ఎక్కాలి. అప్పుడు వెనక కుంగుతుంది, ముక్కు లేస్తుంది. నడిపే మనిషికి దారి కనబడదు. పెట్రోలు కూడా ఎక్కువ తాగుతుంది.

దీనికి ఒక సాధనం ఉంది. పేరు ట్రిమ్ ట్యాబ్. మనం రేకు అందాం. పడవ వెనక పలకకు, అడుగు భాగాన, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి బిగిస్తారు. తలుపు మాదిరి వీటికీ బందులుంటాయి. రేకును కిందికి వంచితే, పారే నీళ్లు దాన్ని పైకి నెడతాయి. వెనక లేస్తుంది, ముక్కు దిగుతుంది. పడవ కుడికి ఒరిగితే కుడి రేకు దించాలి. ఆ పక్క లేస్తుంది.

ఎంత రేకు కావాలి? సుమారు లెక్క ఇది. పడవ ఎన్ని అడుగుల పొడవో, ఒక్కో రేకు అన్ని అంగుళాల వెడల్పు. 16 అడుగుల పడవకు 16 అంగుళాల రేకులు రెండు.

పడవను ఒడ్డుకు తెచ్చి బిగించాలి. రేకు పడవ అడుగుకన్నా కిందికి రాకూడదు. పావు అంగుళం పైన ఉండాలి. మోటారు పంకాకు తగలకూడదు. రెండు రేకులూ నడిమికి సమాన దూరంలో ఉండాలి. తుప్పు పట్టని స్టీలు వాడాలి. బోల్టుల కన్నాల్లో నీరు దూరకుండా లప్పం పెట్టాలి. పని తెలిసిన మెకానిక్ చేతే చేయించాలి.

అయితే ఒక మాట మరవకండి. పడవ వేగంగా పోతుంటేనే రేకు పనిచేస్తుంది. నిలబడితే పనిచేయదు. మితిమీరి జనాన్ని ఎక్కిస్తే ఏ రేకూ కాపాడదు.

2017 నవంబరు 12. కార్తీకమాసం, ఆదివారం. ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణానదిలో పడవ తిరగబడింది. 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఒంగోలు నుండి సరదాగా వెళ్లినవాళ్లే. పడవలో మోయదగినంతకన్నా ఎక్కువమంది ఉన్నారు. చాలామందికి ఒంటిమీద లైఫ్ జాకెట్ లేదు.

అందుకే పడవ ఎక్కేముందు ఆగండి. ఎంతమంది ఎక్కాలో రాశారా? చదవండి. రాయకపోతే అడగండి. లోపల ఉన్నవాళ్లను లెక్కపెట్టండి. లైఫ్ జాకెట్ తొడుక్కొని, బిగించి కట్టుకోండి. పిల్లలకూ కట్టండి. చూపించిన చోటే కూర్చోండి. ఫొటోల కోసం అందరూ ఒక పక్కకు పోవద్దు.

నిన్నటిదాకా ఎవరో ఎక్కమంటే ఎక్కాం. ఇప్పుడు మనకు అంకెలు వచ్చు. లెక్క మించితే "మేం తర్వాతి పడవకు వస్తాం" అని చెప్పండి. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడవద్దు.