చెడుగుడు – పిల్లల గుండె బలము



పరీక్షల పేరిట పిల్లల ఆటలు మాన్పించుచున్నాము. పెద్దతనమున వచ్చు గుండె జబ్బుకు బీజము బాల్యముననే రక్తనాళములలో కొవ్వు చారలుగా పడవచ్చునని వైద్యులు చెప్పుదురు. కొంతసేపు తీవ్రముగా శ్రమించి, కొంత సేద తీరి, మరల శ్రమించు వ్యాయామము ఎదిగే పిల్లల గుండెకు, ఊపిరికి సత్తువ నిచ్చును.

ఇది మనకు క్రొత్తదా? చెడుగుడు అదే గదా! కూతకు 30 సెకండ్లు, తిరిగి వచ్చి ఊపిరి తీసుకొనుట, మరల కూత.

5 నుండి 17 ఏండ్లవారికి రోజుకు సగటున 60 నిమిషముల శ్రమ, అందులో వారమునకు కనీసము 3 దినములు తీవ్రమైనది కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. ఆడునప్పుడు ఛాతీ నొప్పి గాని, స్పృహ తప్పుట గాని కలిగిన బిడ్డను ముందుగా వైద్యునికి చూపవలెను.

తాతలు భాషతోపాటు తెచ్చుకొన్న ఆట ఇది. సాయంత్రము ఒక గంట పిల్లలను మైదానమునకు పంపుడని మా మనవి.