రోజులో దాగిన ధ్వని
(సరిహద్దు జిల్లా తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)



నేను భాషాశాస్త్రవేత్తను కాను. సరిహద్దు బడులలో ముప్పై ఏండ్లు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. ఈనాడు ఒకే ఒక్క హల్లును గురించి మాట్లాడదలచాను. ఇంగ్లీషు అక్షరమాలలో చిట్టచివరనున్న జెడ్ పలికే ధ్వని అది. ఒక్క హల్లు కోసం ఇంత సభ దేనికని మీకు తోచవచ్చు. ఆ హల్లు దగ్గరే నేనొక తప్పు చేశాను. అది చెప్పుకొనడానికే వచ్చాను.

చాలా ఏండ్ల కిందటి మాట. ఆరో తరగతిలో ఒక తెలుగింటి బాలుడు పాఠం చదువుతూ 'జీరో' అన్న మాటను మన జీడిపప్పులోని 'జీ' వలెనే పలికాడు. పదిసార్లు చెప్పించాను. మార్పు లేదు. విసుగుతో, 'మీ తెలుగు నాలుకకు ఇది పట్టదులే' అన్నాను. తరగతి అంతా నవ్వింది. ఆ తరువాత ఆ పిల్లవాడు నా ఎదుట నోరు తెరచి చదవడం మానుకొన్నాడు. కొన్నాళ్లకు తండ్రి వచ్చి, 'సార్, ఇంట్లో గూడా తెలుగు మాన్పిస్తే వీడి నాలుక తిరుగుతుందంటారా?' అని అడిగాడు. ఆ ప్రశ్నను పుట్టించింది నా మాటే. అది నన్ను నిలువునా కోసింది.

సమాధానం కొన్ని దినాల తరువాత ఆ పిల్లవాని నోటనే విన్నాను. వీధిలో తోటివానితో, 'రోజూ బజారుకు నేనే పోవాల' అంటున్నాడు. అక్కడే ఆగిపోయాను. 'రోజు' అన్నప్పుడు నడుమ వినిపించిన ధ్వని, నేను పదిసార్లు చెప్పించినా రాలేదనుకొన్న ధ్వనికి తోబుట్టువు. అది వాడి నోటిలోనే ఉన్నది. నాకే వినబడలేదు.

మన తెలుగులో జకారాలు రెండు. 'జీడి', 'జెముడు' అన్నప్పుడు నాలుక నడిమి భాగం అంగిలిని తాకుతుంది. అది తాలవ్యం. 'జడ', 'జున్ను', 'జొన్న', 'జల్లెడ' అన్నప్పుడు నాలుక కొన పైపండ్ల మొదలును తాకుతుంది. అది దంత్యం. 'జడ'ను, సంస్కృతం నుండి వచ్చిన 'జలము'ను ఒకదాని వెంట ఒకటి పలికి చూడండి, తేడా తెలుస్తుంది. చకారానికీ ఇదే తీరు: 'చీమ' వేరు, 'చాప' వేరు. ఈ భేదాన్ని 'బాలవ్యాకరణం'లో సూత్రీకరించిన పరవస్తు చిన్నయసూరి ఎక్కడివాడు? ఇప్పటి తమిళనాడులోని శ్రీపెరుంబూదూరువాడు. బ్రౌన్ నిఘంటువు ఈ దంత్యాలను ౘ, ౙ అని వేరు గుర్తులతో చూపింది. నేటి మన వాచకాలలో ఆ గుర్తులు లేవు. కనుక ఈ ధ్వని పుస్తకంలో దొరకదు, ఇంట్లో చెవిని పడాలి.

'రోజు', 'బజారు', 'జోరు' అన్నవి పారసీకం నుండి వచ్చిన మాటలు. ఆ భాషలో వాటిలో ఉన్నది సరిగ్గా జెడ్ ధ్వనియే. మన పూర్వులు దానిని దంత్య జకారంతో అందుకొన్నారు. ఏ బడికీ పోని మన అవ్వలు కూడా ఆ పరాయి ధ్వనికి తెలుగులో చోటు చూపించారు. ఇంగ్లీషు అయ్యవారిని, నాకా తెలివి లేకపోయింది.

ఇక నేర్పే తీరు. దంత్య జకారంలో నాలుక కొన పండ్ల మొదలును క్షణకాలం తాకి విడుతుంది. జెడ్ ధ్వనిలో తాకదు. సన్నని సందు మిగులుతుంది, అందులో నుండి గాలి ఒరుసుకొంటూ పోతుంది. పిల్లవానిచేత మొదట సకారాన్ని సాగదీయించండి. గొంతుపై వేలు ఉంచితే అదురు ఉండదు. నాలుకను కదల్పక గొంతును మాత్రం మోగించమనండి. పాము బుస తుమ్మెద రొద అవుతుంది, వేలికి అదురు తగులుతుంది. అదే జెడ్. తరువాత 'రోజు' అనిపించి, నడిమి ధ్వనిని సాగదీయించి, చివరి ఉకారాన్ని వదిలించండి. ఇంగ్లీషు గులాబీ, 'రోజ్', దాదాపు వచ్చినట్లే.

చివర గొంతు మోగకపోతే అర్థమే మారిపోతుంది. 'రైస్' అంటే బియ్యం, గొంతు మోగితే 'రైజ్', లేవడం. 'ఐస్' మంచుగడ్డ, 'ఐజ్' కండ్లు. 'డాగ్స్' అని ఎస్‌తో వ్రాసినా చివర పలికేది జెడ్ ధ్వనియే.

మరి 'జీరో' ఎందుకు కష్టమైంది? తెలుగు మాటలలో ఇకార ఎకారాల ముందు దంత్య జకారం రాదు. అలవాటు కొద్దీ నాలుక అంగిలికి పోతుంది. అది మొద్దుతనం కాదు, వాడు అమ్మనుడి సూత్రాన్ని తప్పకుండా పాటించడం. కనుక జీరోతో మొదలుపెట్టరాదు. రోజుతో మొదలుపెట్టి, జూ మీదుగా, చివరకు జీరో చేరాలి.

ఇంగ్లీషు ధ్వనులన్నీ తెలుగులో ఉన్నాయని నేననను. 'థింక్' అన్న మాట మొదటి ధ్వని మన థకారం కాదు, నాలుకను పండ్ల నడుమ ఉంచి కొత్తగా నేర్వవలసినదే. అయితే కొత్తది నేర్వడానికైనా నాలుక ఎక్కడున్నదో ఎరుక కావాలి. ఆ ఎరుక పిల్లవానికి తెలిసిన మాటలతోనే కలుగుతుంది.

తమిళనాడులో 2006 నాటి చట్టంతో బడులలో తమిళం తప్పనిసరి అయింది. 2006–07లో ఒకటో తరగతితో మొదలై ఏటేటా పై తరగతులకు పాకింది. తమిళాన్ని మన పిల్లలు నేర్వాలి, బాగా నేర్వాలి. కాని ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణం రాష్ట్రాలకు చెబుతున్నది. దానిని అడగడం మన హక్కు. హక్కు చేతికి వచ్చేదాకా ఇంట్లో పలుకు నిలుపుకోవడం మన పని. కర్ణాటకలోని మనవారికీ ఇదే మాట. కన్నడ బడిలో వినబడే జకారం తాలవ్యమొక్కటే. దంత్య జకారం పిల్లల చెవిని పడేది మీ వంటింట్లోనే. అవ్వ 'జొన్నరొట్టె తినరా' అన్నప్పుడు ఆమె తెలియకుండానే ఇంగ్లీషుకు కూడా మెట్టు వేస్తున్నది.

ఆ బాలుని ఇంటికి వెళ్లాను. తండ్రి ఎదుటనే, తప్పు వాని నాలుకది కాదు, నాది అన్నాను. 'రోజు' అనిపించాను, సాగదీయించాను, ఉకారం వదలమన్నాను. మూడోసారికి వచ్చింది. వాడు నవ్వలేదు. 'ఇది మాకు వచ్చిందే గదా సార్' అన్నాడు.

అవును, వచ్చిందే. మీ పిల్లలకు వచ్చినదానిని మాన్పించకండి. సెలవు.