ఏం మందు కొడ్తవని ఎవరూ అడగలే

నన్ను పత్తి ధర మీద మాట్లాడుమన్నరు. ధర సంగతి ముందు మాట్లాడినోళ్లు చెప్పిండ్రు. నేను నా తలకాయ సంగతి చెప్త.

మూడేండ్ల సంది నాకు తల తిరుగుడు. పొద్దున లేస్తె మంచం పట్టుకొని నిలబడాలె. పగలు కణతల కాడ నొప్పి మొదలైతె రాత్రి దాక ఉంటది. ఒకనాడు గెట్టు మీద పడిపోయిన. మా ఇంటామె "మళ్ల తాగినవా" అన్నది. నేను కల్లు బంద్ జేసి పదేండ్లాయె!

ముందుగాల ఊర్లె ఆర్ఎంపీ గ్యాస్ అన్నడు. పట్నంల ఒకాయన బీపీ అన్నడు. బీపీ కొంచెం ఉన్నమాట నిజమే, గోలీ ఏసుకుంటున్న. ఇంకొకాయన మెడ ఎముకలు అరిగినయని పట్టీ ఏసిండు. కండ్లద్దాలు మార్చిన. తలకాయ స్కాన్ తీసి ఏం లేదన్నరు. ఏం లేదంటె సంతోషమే గని, మరి ఎందుకు తిరుగుతున్నది? ఒక ఏడు పత్తి పైసలల్ల సగం ఇట్లనే పోయినయి.

ఇంతమంది చూసిండ్రు గని, "నువ్వేం పని చేస్తవు, ఏం మందు కొడ్తవు" అని ఒక్కరు అడగలే. నేను కూడ చెప్పలే, అది నా తప్పు. ఆఖరుకు ఒక డాక్టరమ్మ అడిగింది. ఇరవై ఐదేండ్ల సంది పత్తికి కొడ్తున్న, మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, అసిఫేట్ అని చెప్పిన. ముందు నన్ను పండవెట్టి, తల అటుఇటు తిప్పి చూసింది. చెవి లోపలి సమస్యతోని కూడ తల తిరుగుతదట, నాది అది కాదన్నది. రక్తం తక్కువున్నదా, షుగర్ ఉన్నదా చూపిచ్చింది. అన్నీ మందు మీదికే నెట్టొద్దన్నది. తర్వాత కోలినెస్టరేజ్ అనే రక్త పరీక్ష రాసింది.

నరాలు సక్కగ పనిచెయ్యాలంటె ఒంట్ల ఆ కోలినెస్టరేజ్ ఉండాలె. నేను చెప్పిన మూడు మందులు దాన్ని పనిచెయ్యనియ్యవు. అప్పుడు తలనొప్పి, తల తిరుగుడు, చూపు మసక, చెమటలు, వాంతులు. మోతాదు ఎక్కువైతె ఊపిరే ఆగుతది.

నా రిపోర్టు మామూలుగనే వచ్చింది. ఎందుకంటె నేను పోయింది ఫిబ్రవరిల. మందు కొట్టుడు ఆపినంక కొన్ని వారాలు, నెలలల్ల అది మళ్ల పెరుగుతదట. మనిషి మనిషికి లెక్క వేరే ఉంటది గనుక, మందు కొట్టకముందు ఎంతున్నదో తెలిస్తెనే తర్వాత తగ్గింది తెలుస్తది. "సెప్టెంబర్‌ల రావాల్సింది" అన్నది. సెప్టెంబర్‌ల పత్తిని ఇడిసిపెట్టి దవాఖానకు ఎవడు పోతడు? అందుకే ఇయ్యాల్టికి నాకు మందుతోని అని చెప్పేటోళ్లు లేరు, కాదని చెప్పేటోళ్లు లేరు.

పెన్‌గంగ దాటితె యవత్మాల్. 2017ల అక్కడ పత్తికి మందు కొట్టుకుంట ఇరవై మందికి పైగ రైతులు, కూలీలు చచ్చిపోయిండ్రు. వందల మంది దవాఖానల పడ్డరు. ఆ ఏడు పత్తి మనిషెత్తు పెరిగింది, కొట్టిన మందు మొఖం మీదనే పడ్డది. మనదీ అదే పంట, అవే మందులు. సచ్చినోళ్లు లెక్కల కెక్కిండ్రు. నా లెక్క మెల్లమెల్లగ తల తిరిగేటోళ్లు ఏ లెక్కల లేరు.

మందులు తయారుచేసే ఫ్యాక్టరీల పనిచేసేటోళ్లకు వైద్య పరీక్షలు చెయ్యాలని 1971 నిబంధనలల్లనే ఉన్నది. అదే మందు చేన్ల కొట్టేటోనికి, నీళ్లు మోసే కూలి అక్కకు ఎవరు చేస్తున్నరు? పీహెచ్‌సీల జూన్‌ల ఒకపారి, సెప్టెంబర్, అక్టోబర్‌ల ఒకపారి ఈ రక్త పరీక్ష పైసలు తీసుకోకుండ చెయ్యాలె. కలెక్టర్‌కు ఇచ్చే వినతిపత్రంల ధర పక్కన ఇది కూడ రాయాలని సంఘాన్ని అడుగుతున్న.

నేనిప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టిన. ఏ తారీకున ఏం మందు కొట్టిన, ఏ పూట తల తిరిగింది, రాస్తున్న. డబ్బా మీది లేబుల్ కూడ అంటిస్తున్న. మృగశిర కార్తెల, మందు కొట్టకముందే, రక్తం ఇయ్యనీకి పోతున్న. మా ఊరోళ్లు ముగ్గురు వస్తమన్నరు. మీలో తల తిరిగేటోళ్లు ఎవరైనా ఉంటె, అన్నం తిని పోయేటప్పుడు ఆ బల్ల కాడ పేరు రాయించి పోండ్రి.