తేడాకు తూనికరాయి

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండలోని మెతుకులన్నియు పట్టి చూడనక్కరలేదని మన పెద్దలు చెప్పుదురు. మాట నిజమే. అయినను అనుభవము గల గృహిణి ముందుగా కుండను గరిటెతో ఒకసారి కలియబెట్టి, నడుమనుండి నాలుగు మెతుకులు తీసి చూచును. పైనున్న మెతుకును మాత్రము చూచి కుండ దింపదు. కొంత చూచి అంతటిని గూర్చి తీర్పు చెప్పునపుడు ఎంతవరకు నమ్మవచ్చును, ఎక్కడ ఆగవలెను అను వివేకమును లెక్కలలో పెట్టిన శాస్త్రమే సాంఖ్యకశాస్త్రము.

ఆ శాస్త్రమున తొలి సంవత్సరపు విద్యార్థులను మిక్కిలి తికమక పెట్టు పాఠము పరికల్పనల పరీక్ష. శూన్య పరికల్పన, జెడ్ విలువ, సందిగ్ధ విలువ అను మూడు మాటలు ఒక్కసారిగా వచ్చి మీద పడును. పలువురు 1.96 అను అంకెను కంఠస్థము చేసి, "తిరస్కరించుచున్నాము" అనియో "తిరస్కరింపజాలము" అనియో వ్రాసి మార్కులు తెచ్చుకొందురు. ఆ అంకె దేనిని తూచుచున్నదని అడిగినచో తెల్లబోవుదురు. మీ యింట ఈ పాఠము చదువుకొను పిల్లలుండవచ్చును. లేకున్నను, ఇంత శాతము పెరిగినది, అంత శాతము తగ్గినది అను మాటలు ప్రతిదినము మనమందరము వినుచునే యున్నాము. ఏ తేడాను లెక్కపెట్టవలెను, ఏ తేడాను విడిచిపెట్టవలెను అన్నదే నేటి మా ప్రసంగ విషయము.

ఒక నిజమైన ఉదాహరణముతో ప్రారంభింతము. దక్షిణాఫ్రికాలో గణితము బోధించుచుండిన జాన్ కెరిక్ అను ఆంగ్లేయుడు అత్తవారిని చూచుటకై డెన్మార్కు దేశమునకు వెళ్లియుండెను. 1940 ఏప్రిల్‌లో జర్మను సేనలు ఆ దేశమును ఆక్రమించుటతో ఆయన అక్కడనే చిక్కుపడి, నిర్బంధ శిబిరమున దినములు గడపవలసి వచ్చెను. ఆ తీరికలో, తోటి నిర్బంధితుడొకని సాయముతో, ఆయన ఒక నాణెమును 10,000 పర్యాయములు ఎగురవేసి, ప్రతి పర్యాయమును బొమ్మయో బొరుసో వ్రాసిపెట్టెను. ఆ లెక్కలు 1946లో పుస్తకరూపమున వెలువడినవి. మొత్తము మీద బొమ్మ పడినది 5,067 పర్యాయములు.

నాణెము సరియైనదైనచో సగము, అనగా 5,000 బొమ్మలు పడవలెను గదా! 67 ఎక్కువ పడినవి. నాణెమున ఏదేని వంకర యున్నదా?

ఇచట న్యాయస్థానము అనుసరించు పద్ధతినే సాంఖ్యకశాస్త్రము అనుసరించును. నేరము ఋజువగు వరకు ముద్దాయి నిర్దోషియే. అట్లే మనమును మొదట "నాణెమున ఏ దోషమును లేదు, ఈ తేడా కేవలము యాదృచ్ఛికము" అని అనుకొందుము. దీనికే శూన్య పరికల్పన యని పేరు. తేడా శూన్యమని తలచుటచే ఆ పేరు వచ్చినది. ఇది మన నమ్మకము కాదు, విచారణ ఆరంభించుటకు నిలుచు చోటు మాత్రమే.

తరువాత సాక్ష్యమును తూచవలెను. దేనితో తూచవలెను? కంసాలి బంగారమును తూచునపుడు గురిగింజ యెత్తు కూడ లెక్కకు వచ్చును. ధాన్యపు కొట్టులో పిడికెడు గింజలు అటునిటు అయినను ఎవరును పట్టించుకొనరు. ఏ సరకునకు ఆ రాయి. 67 బొమ్మల తేడా పెద్దదో చిన్నదో చెప్పుటకును అట్టి రాయి యొకటి కావలెను. దోషము లేని నాణెమును అన్ని పర్యాయములు ఎగురవేసినపుడు లెక్క సహజముగా ఎంత అటునిటు ఊగునో, ఆ ఊపు కొలతయే మనకు తూనికరాయి. శాస్త్రమున దానిని క్రమ విచలనము అందురు.

దానిని కనుగొనుట కష్టము కాదు. ఎగురవేసిన సంఖ్యను బొమ్మ పడు అవకాశముతోను, పడకుండు అవకాశముతోను గుణించి, వర్గమూలము తీయవలెను. 10,000ను సగముతో గుణించి, మరల సగముతో గుణించిన 2,500 వచ్చును. దాని వర్గమూలము 50. ఇదే మన రాయి. తేడాయైన 67ను 50తో భాగించిన 1.34 వచ్చును. ఇదే జెడ్ విలువ. తేడా ఎన్ని రాళ్ల యెత్తు తూగినదో చెప్పు అంకె యిది. ఇంతకు మించిన రహస్యము దానిలో లేదు.

1.34 రాళ్లు ఎక్కువయా, తక్కువయా? ఇట్టి లెక్కలు పెద్ద సంఖ్యలలో గంట ఆకారము గల వక్రరేఖను అనుసరించును. దోషము లేని నాణెములతో ఈ ప్రయోగమును పెక్కు పర్యాయములు చేసినచో, నూటికి దాదాపు 68 ప్రయోగములలో తేడా ఒక రాయికి లోబడియుండును. నూటికి 95 ప్రయోగములలో 1.96 రాళ్లకు లోబడియుండును. ఆ 1.96 దాటుట నూటికి అయిదు పర్యాయములే సంభవించును. కనుక అచట ఒక గీత గీసిరి. ఆ గీతయే సందిగ్ధ విలువ. కెరిక్ నాణెపు 1.34 ఆ గీతకు లోపలనే యున్నది. దోషము లేని నాణెమే అయినను, అంతయో అంతకు మించియో తేడా నూటికి సుమారు 18 పర్యాయములు వచ్చును. కావున ఆ నాణెమును తప్పుపట్టుటకు ఆధారము చాలదు.

ఇపుడు అదే ప్రయోగమున మొదటి నూరు పర్యాయములను మాత్రము చూతము. వానిలో బొమ్మ పడినవి 44. నూటికి ఆరు తక్కువ! 10,000లో నూటికి ముప్పాతిక కూడ లేని తేడా, నూరింటిలో ఆరుగా కనబడినది. తొందరపడువారు నాణెము వంకరయని అపుడే తీర్పు చెప్పియుందురు. కాని నూరు పర్యాయములకు రాయి వేరు: 25 యొక్క వర్గమూలము, అనగా 5. ఆరును అయిదుతో భాగించిన 1.2. కంటికి అంత పెద్దదిగా కనబడిన తేడా, ఆ చిన్న తేడా కన్నను తక్కువ తూగినది. శాతమును మాత్రము చెప్పి, ఎందరిని చూచి చెప్పిరో చెప్పని వార్తను నమ్మరాదనుటకు కారణ మిదియే.

దీనికి ఎదురుగా మరియొక ఉదాహరణము కలదు. 1894లో వెల్డన్ అను ఆంగ్ల జంతుశాస్త్రజ్ఞుడు 12 పాచికలను ఒక్కసారిగా 26,306 పర్యాయములు వేసిన ఫలితములను తన మిత్రుడగు గాల్టనునకు పంపెను. మొత్తము 3,15,672 పాచికల పాటు. అయిదో ఆరో పడు అవకాశము మూడింట ఒకటి; కనుక 1,05,224 పర్యాయములు పడవలెను. పడినవి 1,06,602. తేడా 1,378, అనగా నూటికి అరయైనను లేదు. శాతమున చూచిన ఇది కెరిక్ నాణెపు తేడా కన్న చిన్నది. కాని ఇచటి రాయి సుమారు 265. ఆ తేడా 5.2 రాళ్లు తూగినది! దోషము లేని పాచికలతో అట్టి తేడా దాదాపు 50 లక్షల ప్రయోగములలో ఒకసారి మాత్రమే కనబడును. ఆ పాచికలు సరియైనవి కావనక తప్పదు. చుక్కల కొరకు తొలిచిన గుంటలు ఎక్కువగా నున్న అయిదు, ఆరు ముఖములు తేలికపడి, వానికెదురుగానున్న రెండు, ఒకటి ముఖములు బరువై అడుగునకు పోవుచుండెనని పండితులు ఊహించిరి.

1.96 అను గీతను ఎవరు గీసిరని విద్యార్థులు అడుగుదురు. ప్రకృతి గీసినది కాదు, మానవులు గీసినదే. 1925లో రోనాల్డ్ ఫిషర్ తన గ్రంథమున, ఇరువదింట ఒకటి అను అవకాశము హద్దుగా నుంచుట సౌకర్యముగా నుండునని చెప్పెను. అదియే వాడుకయైనది. మరింత కట్టుదిట్టము కావలెనన్నవారు నూటికి ఒకటి యని, 2.58 వద్ద గీత గీయుదురు. 1933లో నైమన్, ఈగన్ పియర్సన్ అనువారు ఈ పరీక్షలో రెండు విధములైన తప్పులు జరుగునని వివరించిరి. నిర్దోషిని దోషి యనుట ఒకటి. దోషిని విడిచిపెట్టుట రెండవది. గీతను దూరముగా జరిపిన మొదటిది తగ్గి రెండవది పెరుగును. దగ్గరకు జరిపిన రెండవది తగ్గి మొదటిది పెరుగును. ఏ తప్పు వలన ఎవరికి ఎక్కువ నష్టమో ఆలోచించి, సాక్ష్యము చూడకముందే గీత గీయవలెను.

ఆ "ముందే" యను మాటలోనే నీతి యున్నది. తేడా ఏవైపునకైనను ఉండవచ్చునని చూచు పరీక్షకు గీత 1.96 వద్ద, ఒకే వైపునకు చూచు పరీక్షకు 1.645 వద్ద. జెడ్ విలువ 1.8 వచ్చినదనుకొనుడు. మొదటి గీత ప్రకారము తిరస్కరింపరాదు. రెండవ దాని ప్రకారము తిరస్కరింపవచ్చును. ఫలితము చూచిన పిమ్మట అనుకూలమైన గీతను ఎంచుకొనుట, బేరము కుదిరిన తరువాత రాయి మార్చు వర్తకుని పని వంటిది.

నాణెములు, పాచికలు మన కేల యందురేమో. ఒక ఊహను మీ ముందుంచుచున్నాము. ఒక ప్రాంతమున పదవ తరగతి లెక్కల పరీక్షలో ఏటేట నూటికి 80 మంది ఉత్తీర్ణులగుచున్నారనుకొందము. ఒక పాఠశాలలో ఈ యేడు నూరుమందిలో 74 మందియే గట్టెక్కిరి. తల్లిదండ్రులు కోపించిరి, లెక్కల పంతులమ్మను బదిలీ చేయవలెనని కోరిరి. తూచి చూతము. 100ని 0.8తోను, 0.2తోను గుణించిన 16, వర్గమూలము 4. ఆరు తక్కువైనవి, ఆరును నాలుగుతో భాగించిన 1.5. గీత దాటలేదు. ఏ మార్పును లేకున్నను, ఒక యేడు ఇట్లును ఒక యేడు అట్లును నగుటకు అవకాశ మున్నది. ఈ ఒక్క అంకె పట్టుకొని ఆమె అన్నము మీద దెబ్బకొట్టుట న్యాయము కాదు. అంతమాత్రమున ఆమె బోధన శ్రేష్ఠమని ఋజువైనదనియు అనరాదు. ఆధారము చాలలేదనుట వేరు, నిర్దోషమని తేలినదనుట వేరు.

అదే 74 శాతము, 2,500 మంది వ్రాసిన తాలూకా మొత్తమునకు వచ్చినదనుకొందము. అపుడు 2,000 రావలసినచోట 1,850 వచ్చినవి. రాయి 20, తేడా ఏడున్నర రాళ్లు. ఇది ఊరక వచ్చినది కాదు. కాని ఎందువలన వచ్చినదో ఆ ఏడున్నర చెప్పదు. ప్రశ్నపత్రము కఠినమైనదో, పంతుళ్ల కొలువులు నింపలేదో, తల్లిదండ్రులు కూలికై వలసపోగా పిల్లలు బడి మానిరో, వెళ్లి కనుగొనవలెను. త్రాసు బరువును చెప్పును గాని, సరకు ఎచటినుండి వచ్చినదో చెప్పదు.

మరి రెండు హెచ్చరికలు చేసి ముగింతుము. మొదటిది: నూటికి అయిదు అను హద్దు దాటినదనగా, శూన్య పరికల్పన నిజమగు అవకాశము నూటికి అయిదని అర్థము కాదు. పరికల్పన నిజమైనచో ఇంత తేడా ఎంత అరుదో మాత్రమే అది చెప్పును. పండితులు సైతము ఇచట పొరపడుచుండుటచే, అమెరికా సాంఖ్యకశాస్త్ర సంఘము 2016లో దీనిని గూర్చి ప్రత్యేకముగా ఒక ప్రకటన చేయవలసి వచ్చెను. రెండవది: దోషము లేని ఇరువది నాణెములను పరీక్షించినచో, సగటున ఒకటి గీత దాటును. పందొమ్మిదింటిని దాచి ఆ ఒక్కదానినే చూపువారి యెడల జాగ్రత్త వహింపవలెను.

ఈ శాస్త్రమున మన తెలుగువారి పాలు చిన్నది కాదు. 1920లో జన్మించి ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు, 1941లో కలకత్తాలోని భారత సాంఖ్యక సంస్థలో చేరి, పిమ్మట కేంబ్రిడ్జిలో ఫిషర్ పర్యవేక్షణమున పరిశోధన సలిపెను. 1948లో ఆయన ప్రకటించిన ఒక పరికల్పన పరీక్షకు నేటికిని ఆయన పేరే నిలిచియున్నది. 2023లో అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర బహుమానము ఆయనకు లభించెను. ఆ యేడే ఆగస్టులో ఆయన కీర్తిశేషుడాయెను.

విద్యార్థులకు మా మనవి యొక్కటి. పట్టిక తెరచుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఏమియు లేదనుకొన్నచో ఎంత రావలసినది? ఊరకనే ఎంత ఊగును? మన గీతను ముందే గీసితిమా? ఈ మూడింటికి మీ మాటలలో సమాధానము చెప్పగలిగిననాడు 1.96ను కంఠస్థము చేయ నక్కరలేదు. నమ్మకము లేకున్న నేటి రాత్రియే ఒక రూపాయి నాణెము తీసికొని, ఇంటిల్లిపాదియు కూర్చుండి నూరు పర్యాయములు ఎగురవేయుడు. బొమ్మలు నలుబదికి తగ్గినను, అరువదికి మించినను మరల ఒక నూరు వేసి చూడుడు. అంతవరకు నాణెమును నిందింపకుడు.