పరిచయము – పరపతి
(వర్తక యువజనుల సభలో చేసిన ఉపన్యాసము)

క్రొత్తగా వ్యాపారమునకు దిగిన యువకులు సభలకు బోవుచున్నారు, కార్డులు మార్చుకొనుచున్నారు, మరునాడే తమ సరకు కొనుమని యడుగుచున్నారు. ఎదుటివాడు మొగము చాటువేసిన వింత యేమి?

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయియందు అమృతాంజన వ్యాపారమును నెలకొల్పిరి. క్రొత్త మందు, ఎవరు నమ్ముదురు? సంగీతసభలకు వచ్చినవారికి దానిని ఉచితముగా బంచిపెట్టిరి. ఇది వ్యాపారపుటెత్తు కాదా యందురేమో. ఔను, ఎత్తే. కాని వారంతటితో నిలువలేదు. 1908లో ఆ నగరముననే ఆంధ్రపత్రికను వారపత్రికగా బ్రారంభించిరి. 1914లో మద్రాసునుండి దినపత్రికగా వెలువరించిరి. మందు తెచ్చిన ధనమును పత్రికకును, గ్రంథప్రచురణకును, గ్రంథాలయోద్యమమునకును వెచ్చించిరి. తలనొప్పి యెరుగనివాడు సైతము వారికి ఆప్తుడయ్యెను.

ఇక నా సంగతి. మొదట నేనును పనిబడిననాడే ఒకరి గడప త్రొక్కువాడను. మా అచ్చుకూటము మూతబడనున్నప్పుడు, చిట్టాలో పేరు వ్రాసికొన్న పెద్దమనుష్యులలో ఒక్కడును కదలలేదు. కాగితముల వర్తకుడొకడు మాత్రము, అడిగినదే తడవుగా, మూడు నెలల గడువుపై కాగితమిచ్చెను. ఏల యని యడిగితిని.

“ఒకనాడు బిల్లు పుస్తకములు తొందరగా గావలెనని వచ్చితిని. మావలన గాదు, ఎదుటి అచ్చుకూటమునకు బొండని మీరే దారి చూపితిరి గదా!” అనెను.

నాకా మాట జ్ఞప్తియందే లేదు.