అట్ల బతుకమ్మ నాడు లీడర్ పని
(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక సంఘం లీడర్ మాట్లాడిన మాటలు)



లీడర్ పని గురించి రెండు మాటలు చెప్పమన్నరు. పోయిన బతుకమ్మ పండుగల ఒక్క రోజు సంగతి చెప్త. ఆ రోజు అట్ల బతుకమ్మ. తెల్లారకముందే లేచి అట్లకు పిండి రుబ్బిపెట్టిన. పిల్లలకు దసరా సెలవులు, టిఫిన్ డబ్బాలు కట్టే పని లేదు, అదొక్కటే సుఖం.

పల్లెవెలుగుల నిలబడే మండలానికి పోయిన. 2023 డిసెంబరు నుంచి ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తున్నరు. అంతకుముందు లీడర్ బస్సు చార్జీలు పుస్తకంల రాయాలంటే అందరి మొహాలు చూడాల్సి వచ్చేది.

సమాఖ్య మీటింగు అయ్యేసరికి ఒంటిగంటన్నర. అక్కడి నుంచి బ్యాంకు. మా సంఘం లోను రెండు నెలల నుంచి పూర్తిగా జమ కాలేదని సార్ చూపించిండు. 90 రోజులు దాటితే మొండి బాకీ కింద రాస్తరు, కొత్త లోను రాదు. పది మంది కట్టి ఒక్కరిది ఆగినా బ్యాంకుకు అది సంఘం బాకీనే. ఆ ఒక్కరు ఎవరో నాకు తెలుసు. మూడు మీటింగుల నుంచి రాని చెల్లె.

సాయంత్రం చెరువు కట్ట మీద బతుకమ్మలు పెట్టినం. ఆ చెల్లె గూడ వచ్చింది. "ఇక్కడే అడుగు అక్కా, అందరి ముందట అడిగితే సిగ్గుకైన కడుతది" అని ఇద్దరు నా చెవుల వేసిండ్రు. నేను అడగలే. పండుగకు వచ్చిన ఆడిబిడ్డను బాకీ అడిగితే రేపు ఆమె పండుగకు గూడ రాదు. అట్లు పంచుకొని తిన్నం. ఇంటికి నడిచేటప్పుడు మాత్రం "మీటింగుకు ఎందుకు వస్తలేవు?" అని అడిగిన.

అప్పుడు చెప్పింది. భర్త ఆపరేషన్‌కు బయటి ఫైనాన్స్‌ల తీసుకున్నదట. వారం వారం కిస్తీ. వాళ్లు పొద్దుగాల్నే వచ్చి ఇంటి ముందట కూర్చుంటరు, కట్టేదాక లేవరు. సంఘం అట్ల కూర్చోదు గదా, అందుకని మనది ఆగింది. ఆ మాట విని, మన మంచితనమే మనకు బాకీ అయిందా అనిపించింది. ఆ రాత్రి ఇంకో సభ్యురాలి బిడ్డ సీమంతానికి పోయి బువ్వ తినేసరికి పది దాటింది.

తెల్లారి అలిగిన బతుకమ్మ, ఆట ఉండదు. సాయంత్రం సంఘం కూర్చున్నం. "మన పొదుపు పైసలతోని వేరేటోళ్ల అప్పు ఎందుకు తీర్చాలె?" అని ఒక అక్క గట్టిగనే అడిగింది. అడగవలసిన మాటే. లెక్క చేసి చూసినం. 15,000 మీద వాళ్లకు రెండు రూపాయల వడ్డీ, నెలకు 300. మన దగ్గర రూపాయి వడ్డీ, 150. ఫైనాన్స్ అప్పు ముగిసిన రసీదు సంఘానికి చూపించాలని షరతు పెట్టి ఇచ్చినం. తీర్మానం పుస్తకంల రాసి అందరం సంతకాలు పెట్టినం. బ్యాంకు బాకీ 90 రోజుల లోపే జమ అయింది. చెల్లె ఇప్పుడు మీటింగుకు వస్తున్నది, ఒక నెల ఆలస్యమైంది గని కడుతున్నది.

సభ ముందట నా ప్రతిపాదన ఒకటి. వరుసగ రెండు మీటింగులకు రాని సభ్యురాలికి జరిమానా రాసే ముందు, ఇద్దరు సభ్యులు ఆమె ఇంటికి పోయి రావాలె. కిస్తీ మనిషి వచ్చే పొద్దుగాల కాదు, సాయంత్రం. బ్యాంకు పని గూడ రెండో లీడర్ ఒక నెల, మొదటి లీడర్ ఒక నెల చూసుకోవాలె. ఒప్పుకున్నోళ్లు చేతులెత్తండి.