ఫ్యూజులో లావు తీగ

 

1994 చివర్లో మన తీరంలో టైగర్ రొయ్యల గుంటలకు తెల్లమచ్చ సోకింది. మైపాడు దగ్గర గుంట గట్టు మీద నిలబడి మా నాన్న "ఏం చేద్దాంరా?" అని అడిగాడు. కొత్త ఇంజనీరుని కదా, "ఆక్సిజన్ చాలడం లేదు నాన్నా, ఇంకో రెండు ఏరేటర్లు పెడదాం" అన్నాను. అప్పు చేసి పెట్టాం. వారంలో గుంట ఖాళీ. నాన్న నన్నొక్క మాటా అనలేదు.

చాలా ఏళ్ల తర్వాత, ఆ వైరస్ గురించి వెతుకుతూ పీ35 దగ్గర ఆగాను. పురుగులకు సోకే బాక్యులోవైరస్‌లోని ప్రోటీన్ అది. దాని పని 1991లో అమెరికాలో లోయిస్ మిల్లర్ బృందం బయటపెట్టింది.

ఫ్యూజు తాను కాలి ఇంటిని కాపాడుతుందని మన సైన్సు మాస్టారు చెప్పేవారు, గుర్తుందా? వైరస్ సోకిన కణమూ అంతే. పక్క కణాలకు పాకకుండా కాస్పేజ్ అనే ఎంజైములతో తనను తాను చంపుకుంటుంది. పీ35 ఆ ఫ్యూజులో లావు తీగ చుడుతుంది. కాస్పేజ్ దాన్ని కోయబోయి అందులోనే ఇరుక్కుపోతుంది. ఇప్పుడు ఆ జన్యువును బాక్టీరియాలో పెట్టి ఈ ప్రోటీన్‌ను తయారుచేస్తున్నారు. చస్తున్న కణాల్లో అది ఉంటే చావు ఆగిందా, ఆ చావు కాస్పేజుల పనే అన్నమాట.

తెల్లమచ్చ వైరస్‌లోనూ కణం చావును ఆపే జన్యువు ఉందని 2004లో తేలింది. మా రొయ్యలు పోవడానికి అదొక్కటే కారణమని అనను. ఆక్సిజన్ మాత్రం కాదు. ఈ సంగతి నాన్నకు చెప్పే అవకాశం నాకు దొరకలేదు.

ఆ ఏరేటర్లలో ఒకటి ఇంకా మా పెరట్లో ఉంది. స్విచ్ వేస్తే తిరుగుతుంది.